తప్పు చేతిదా, రైఫిలుదా?

ఎయిర్ రైఫిలు అంటే పల్లె జనానికి చాలాకాలం జాతరలో బెలూన్లు పగులగొట్టే తుపాకీయే. అభినవ్ బింద్రా 2008 ఆగస్టు 11న బీజింగులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో బంగారు పతకం గెలిచాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో అదే పోటీలో కాంస్య పతకం తెచ్చాడు. దానితో చిన్న ఊళ్ల పిల్లలకు కూడా ఈ ఆటపై ఆశ పుట్టింది. తండ్రులు కొందరు కొన్ని వేలు పోసి స్ప్రింగు రైఫిలు కొంటున్నారు. తాహతు ఉన్నవారు లక్షలు పెట్టి సిలిండరు గాలితో పనిచేసే విదేశీ రైఫిలు తెప్పిస్తున్నారు. మంచిదే. అయితే కొన్న రైఫిలును పరీక్షించి చూసుకునే అలవాటు మాత్రం మన జిల్లాలలో ఇంకా ఏర్పడలేదు. గురి కుదరకపోతే నింద నేరుగా బాలుని మీద పడుతున్నది. "వాడికి చేయి నిలవదు" అని తేల్చివేసి, నెల తిరగకుండా తుపాకీని అటక ఎక్కించటం పరిపాటి అయినది.

ఈ ఆటలో లక్ష్యం ఎంతటిదో ముందు గ్రహించాలి. పది మీటర్ల దూరాన ఉండే కాగితంపై పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. ఆవగింజ కంటె చిన్నది. వలయానికీ వలయానికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. రెండు సైట్ల నడుమ 80 సెంటీమీటర్లు ఉన్న రైఫిలులో వెనుక సైటు మిల్లీమీటరులో పదో వంతు కదిలితే, దెబ్బ ఒకటింపావు మిల్లీమీటరు పక్కకు పోతుంది. అంటే సగం వలయం పోయినట్టే. బస్సులో తగిలిన ఒక కుదుపు చాలు. సైటు మర సడలి ఉన్న సంగతి తెలియక, అరవై గుండ్లు పేల్చి ఇంటికి వచ్చిన పిల్లవానికి ఎన్ని చీవాట్లు పెడితే మాత్రం ఏమి లాభం?

పెద్ద పోటీలలో కూడా ఇది జరుగుతుంది. బీజింగు ఫైనలుకు ముందు సరిచూపు కోసం పేల్చిన గుండు దూరంగా పడిందని, సైటు స్థానం తప్పి ఉన్నదని బింద్రా స్వయంగా చెప్పుకున్నాడు. ఉన్న కొద్ది నిమిషాలలో సైటు సరిచేసుకుని పతకం గెలిచాడు. తన రైఫిలు ఎక్కడ కొట్టాలో అతనికి తెలుసు కాబట్టి, అక్కడ కొట్టనప్పుడు అనుమానం చేతి మీదికి పోలేదు. మన పిల్లలకు లేనిది ఆ తెలివిడే. జాతర దుకాణదారుడికి తన తుపాకీ ఎటు లాగుతుందో తెలుసు, కొట్టేవాడికి తెలియదు. అతని లాభమంతా అక్కడే ఉన్నది.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. ముందుగా తుపాకీలో గుండు లేదని నిర్ధారించుకుని కర్రను బిగించే మరలు, సైటు మరలు చూడాలి. స్ప్రింగు రైఫిలు పేలినప్పుడల్లా ముందుకూ వెనుకకూ అదురుతుంది గనుక మరలు తరచు సడలుతాయి. గొట్టం వంచి గుండు పెట్టే చోట ఉండే వాషరు అరిగితే గాలి కారి, ఒక గుండు వేగంగా, మరొకటి మెల్లగా పోతుంది. నూనె ఎక్కువ పోయటం మరో పొరపాటు. నూనె గాలి గదిలోకి దిగితే ఆ వేడికి మండి, చప్పుడు పెరుగుతుంది, వేగం అదుపు తప్పుతుంది. చప్పుడు పెరిగితే బలం పెరిగిందని సంబరపడేవారూ లేకపోలేదు!

తర్వాత పది మీటర్లు కొలిచి, మెత్తని ఇసుక సంచిపై ఆనించి, ఒకే రకం పెల్లెట్లతో ఐదేసి గుండ్ల చొప్పున నాలుగైదు కాగితాలు కొట్టాలి. స్ప్రింగు రైఫిలును గట్టిగా అదిమి పట్టరాదు. వదులుగా, ప్రతిసారీ ఒకే తీరుగా పట్టాలి. ఈ ఐదు గుండ్లు పూర్తి అయ్యేవరకు సైటు ముట్టుకోకూడదు. ఒక్కొక్క గుండుకూ సైటు తిప్పేవాడు చీకటిలో తాళం వెదికినట్టే. ఐదూ ఒకే చోట గుంపుగా పడి, ఆ గుంపు మధ్యకు దూరంగా ఉంటే దోషం సైటుది మాత్రమే. దెబ్బ ఎటు జరగాలో వెనుక సైటును అటే జరపాలి. గుండ్లు చెల్లాచెదురుగా పడితే సైటు తిప్పి ప్రయోజనం లేదు, పెల్లెటు మార్చి చూడాలి.

పెల్లెటు విషయం చాలామంది తేలికగా తీసుకుంటారు. పోటీలకు వాడేది 4.5 మిల్లీమీటర్ల, బల్లపరుపు ముఖం ఉన్న సీసపు గుండు. బరువు సుమారు అర గ్రాము. డబ్బాలపై 4.49, 4.50, 4.51 అని తల కొలతలు వేరువేరుగా ఉంటాయి. ఒక గొట్టానికి నచ్చినది మరొక గొట్టానికి నచ్చదు. కనుక ఖరీదైన డబ్బా ఒకేసారి పది కొనటం కంటె, నలుగురు కలిసి నాలుగు రకాలు తెచ్చి పంచుకుని పరీక్షించుకోవటం మేలు. సీసం ముట్టిన చేతులతో తినటం మానాలి.

అప్పటికీ తేలకపోతే చివరి పరీక్ష ఒకటి ఉన్నది. ఆ రైఫిలును అనుభవం ఉన్న మరొకరికి ఇచ్చి కొట్టించాలి. ఆ బాలునికి గురి తెలిసిన మరొక రైఫిలు ఇవ్వాలి. కొత్త రైఫిలుతో బాలుని గుంపు దగ్గరపడితే, ఇన్నాళ్లు పడిన మాటలు అతనికి తగనివని తేలుతుంది. పడకపోతే శిక్షణ లోపమని తెలుస్తుంది. ఏది తేలినా డబ్బు దండుగ కాదు.

సరిచేయటమంటే బలం పెంచటం కాదు. కొందరు మెకానిక్కుల చేత గట్టి స్ప్రింగు వేయిస్తున్నారు. దానితో అదురు పెరిగి గురి చెడటం తప్ప ఒరిగేది లేదు. పోటీ రైఫిలు గుండు వేగం సెకనుకు 175 మీటర్ల ప్రాంతం. అర గ్రాము గుండుకు ఆ వేగంలో ఉండే శక్తి ఎనిమిది జౌళ్లు. కాగితానికి రంధ్రం పడటానికి అంతకంటె అక్కరలేదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల శక్తి దాటిన ఎయిర్ రైఫిలుకు లైసెన్సు కావాలి. గట్టి స్ప్రింగు మోజులో ఆ గీత దాటితే చిక్కులు తప్పవు. ఎనిమిది జౌళ్లు కూడా కంటికి తగిలితే చూపు పోవటానికి చాలు. ఇటుక గోడకేసి కొట్టే అలవాటు వెంటనే మానాలి, గుండు ఎగిరి వెనుకకు వస్తుంది. పిట్టల మీద పరీక్షలు చేయటం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో షూటింగ్ రేంజి గలదు. కాని మారుమూల మండలం నుండి ఒక వాషరు పరీక్ష కోసం అంత దూరం పోగలిగేది ఎందరు? జిల్లా కేంద్రంలో పది మీటర్లకు మించిన హాలు ఒకటి, గుండ్లు ఆపే ఇనుప పెట్టెలు నాలుగు, గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ యంత్రం ఒకటి, తెలిసిన మనిషి ఒకరు ఉంటే పని జరుగుతుంది. పాఠశాల హాలు సెలవు రోజున ఖాళీగానే ఉంటుంది. జిల్లా క్రీడాధికారులు, షూటింగ్ సంఘాలవారు కలిసి ఎంపిక పోటీలకు కనీసం వారం ముందు రైఫిళ్ల పరీక్షకు ఒక దినం ప్రకటించాలి. క్రోనోగ్రాఫ్ ముందు పది గుండ్లు పేల్పిస్తే గాలి కారే రైఫిలు ఏదో అక్కడికక్కడే బయటపడుతుంది. సిలిండర్ల గడువు కూడా ఆనాడే చూడాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం అది పదేళ్లకు మించరాదు, చూసుకోవలసిన బాధ్యత క్రీడాకారునిదే. వాడిన రైఫిలు చౌకగా వచ్చిందని కొన్నవారు సిలిండరుపై ముద్రించిన తేదీని ఈ రోజే చదువుకోవటం మంచిది.