చెత్తకు చోటు లేకుండా చేసి, ఖర్చు మా నెత్తిన వేస్తారా?

భద్రాచలం నివాసుల సంఘం ఖండన ప్రకటన

భద్రాచలం:
ఊరి చెత్తను ఏళ్లుగా గోదావరి ఒడ్డున పోయడాన్ని, మురుగునీటిని శుద్ధి చేయకుండా నదిలోకి వదలడాన్ని, ఆ వైఫల్యానికయ్యే ఖర్చును తిరిగి నివాసుల మీదే మోపడాన్ని మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది. 2011 జనాభా లెక్కల నాటికే 50 వేలు దాటిన ఊరు ఇది. శ్రీరామనవమికి, ముక్కోటికి లక్షల మంది భక్తులు వస్తారు. ఇంతటి ఊరికి సొంత డంపింగ్ యార్డు లేదు, భూగర్భ డ్రైనేజీ లేదు. ఇందుకు కారణం ప్రజల అలక్ష్యం అంటే మేం ఒప్పుకోం.

కారణం 2014లో గీసిన గీత. పోలవరం ముంపు పేరుతో ఆ ఏడాది ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు అటు పోయాయి. రాములవారి దేవస్థానానికి పురుషోత్తపట్నంలో ఉన్న దాదాపు 889 ఎకరాలు కూడా పొరుగు రాష్ట్రంలోకి వెళ్లాయి. ఒకపక్క గోదావరి, మిగతా పక్కల రాష్ట్ర సరిహద్దు. ఊరు పెరగడానికే జాగా లేనప్పుడు చెత్తకు జాగా ఎక్కడిది? ఆ ఐదు పంచాయతీల సంగతి 2024 జులైలో ఇద్దరు ముఖ్యమంత్రుల భేటీ దాకా వెళ్లింది. పరిష్కారం మాత్రం మా గడప దాకా రాలేదు.

'స్థలం లేదు' అన్న మాట నిజమే. కానీ స్థలం లేకపోవడం నదిని పాడుచేయడానికి అనుమతి కాదు. నదికి 100 మీటర్లు, జనావాసాలకు 200 మీటర్ల లోపు చెత్త పూడ్చే స్థలం ఉండకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. భక్తులు మునకలు వేసే నీళ్లలోకే మన మురుగు చేరుతోంది. ఆ నీళ్లే కూనవరం మీదుగా పోలవరం, రాజమహేంద్రవరం దాకా పోతాయి. సరిహద్దు మనుషులు గీసుకున్నది, గోదావరికి అది లేదు. కాబట్టి ఇది ఒక్క పంచాయతీ గొడవ కాదు, రెండు రాష్ట్రాల బాధ్యత.

మురుగు కష్టం వానాకాలంలో రెట్టింపవుతుంది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరి ఊరిని ముంచిన తర్వాత కరకట్ట కట్టారు. నది పొంగినప్పుడు కట్ట తూములు మూస్తారు. అప్పుడు ఊరి మురుగు బయటికి పోలేక ఆలయ పరిసరాల్లో, పల్లపు కాలనీల్లో నిలుస్తుంది. మోటార్లు పెట్టి తోడితే తప్ప కదలదు. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అప్పుడు శాశ్వత పరిష్కారానికి 1,000 కోట్ల రూపాయలు ఇస్తామని నాటి ముఖ్యమంత్రి ఇక్కడికి వచ్చి ప్రకటించారు. ప్రకటన మిగిలింది, మురుగూ మిగిలింది.

ఇక డబ్బు సంగతి. ప్రతి కుటుంబం ఇంటిపన్ను కడుతోంది. సెప్టిక్ ట్యాంకు నిండితే ప్రైవేటు బండికి మళ్లీ చేతి డబ్బు ఇస్తోంది. ఆ బండి ఆ మలినాన్ని ఎక్కడ పారబోస్తుందో అడిగే నాథుడు లేడు. పంచాయతీలకు 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే ఖర్చు పెట్టాలన్న షరతు పెట్టారు. అయితే ఈ ఊరికి మున్సిపాలిటీయా, పంచాయతీయా, పంచాయతీ అయితే ఒకటా, మూడా అన్న తర్జనభర్జనలో, ఎన్నికైన పాలకవర్గం లేకుండానే ఏళ్లు గడిచాయి. జవాబు చెప్పేవారు లేని కాలానికి కూడా ఖర్చు జనమే భరించారు.

చెత్త, మురుగు సేవలకు చార్జీ కట్టబోమని మేం అనడం లేదు. సేవ అందితే న్యాయమైన రుసుము కడతాం. సేవ కనబడకుండా వసూలు మొదలుపెడితే ఏమవుతుందో పొరుగునే చూశాం. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో మొదలైన చెత్త పన్నును జనం ఛీకొట్టారు. 2024 అక్టోబరు 2న దాన్ని రద్దు చేస్తున్నట్టు అక్కడి ముఖ్యమంత్రే ప్రకటించాల్సి వచ్చింది.

మరో మాట గట్టిగా చెబుతున్నాం. ఊరి చెత్తను అడవిలోకో, ఆదివాసీ గూడెం పక్కకో తరలిస్తే దాన్నీ ఇంతే గట్టిగా ఖండిస్తాం. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం. గిరిజన ప్రాంత భూముల బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టం, గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం అమల్లో ఉన్న నేల. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ సిఫారసుతో అటవీ భూమి ఇవ్వదగ్గ 13 రకాల సౌకర్యాల్లో బడి ఉంది, ఆసుపత్రి ఉంది, రోడ్డు ఉంది. చెత్త యార్డు లేదు. మా కంపును కోయ బిడ్డల ముంగిట్లో దించి మా వీధులు శుభ్రమయ్యాయని చెప్పుకునే పరిష్కారం మాకు అక్కర్లేదు. అలాగే, తెల్లవారకముందే మన చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికుల జీతాల్లో కోత పెట్టి ఖర్చు తగ్గించామంటే ఒప్పుకోం.

మా డిమాండ్లు ఇవి:

1. గోదావరి ఒడ్డున చెత్త పోయడం వెంటనే ఆపాలి. ఉన్న గుట్టలను వరదలకు ముందే తొలగించాలి.

2. ఐదు పంచాయతీల నిర్ణయం తేలేదాకా ఆగకుండా, యార్డు స్థలంపై రెండు రాష్ట్రాలూ రాతపూర్వక ఒప్పందానికి రావాలి. స్థలం ఏదైనా అక్కడి గ్రామసభ సమ్మతి తప్పనిసరి.

3. భూగర్భ డ్రైనేజీ, మురుగు శుద్ధి కేంద్రం, కరకట్ట తూముల దగ్గర శాశ్వత మోటార్లు ప్రభుత్వ నిధులతోనే కట్టాలి. శుద్ధి చేయని మురుగు నదుల్లో కలవకూడదని సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పును అమలు చేయాలి.

4. పారిశుధ్యానికి వచ్చిన ప్రతి రూపాయి లెక్కను పంచాయతీ గోడ మీద రాయాలి. గ్రామసభలో చర్చించకుండా ఏ కొత్త రుసుమూ వేయకూడదు.

5. సెప్టిక్ ట్యాంకు బండ్లకు రేటు, పారబోసే చోటు అధికారికంగా నిర్ణయించాలి. రక్షణ పరికరాలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దించితే 2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద కేసు పెట్టాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. స్నానఘట్టాలకు రంగులు వేయడానికి ముందు నదిలోకి పోయే మురుగును ఆపండి. పట్టణ ప్రజలారా, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి మన వంతు మనం చేద్దాం. వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. ఇంటిపన్ను రసీదు చేతబట్టుకుని లెక్క అడగండి. ఆ లెక్క చెప్పేదాకా కదలవద్దని కోరుతున్నాం.

— నివాసుల సంఘం తరఫున, భద్రాచలం