ఏ గ్రూపులో వేశారు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మా వీధిలో కూరగాయల బండి దగ్గర ఒకటే ముచ్చట. మగపిల్లవాడి తల్లి కనబడితే "మీవాడు ఏ గ్రూపు తీసుకున్నడు?" అని అడుగుతారు. ఆడపిల్ల తల్లిని మాత్రం "బిడ్డను ఏ గ్రూపుల ఏసిన్రు?" అని అడుగుతారు. వాడు తీసుకుంటాడు, ఈమెను వేస్తారు. అడిగేవాళ్ళకు ఆ తేడా తెలియదు, జవాబు చెప్పే తల్లికీ తెలియదు. పక్కన నిలబడి వినే పిల్లకు మాత్రం తెలుస్తుందనే నా అనుమానం.

ఆ వేయడం ఎలా జరుగుతుందో హన్మకొండలో వున్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పరీక్షలు ముగియకముందే కాలేజీల పీఆర్వోలు ఇళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెడతారు. నయీంనగర్ వైపు వెళితే ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీలు వరుసగా కట్టి వుంటాయి. "ఈ నెలలోపు అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ" అంటారు. నాన్నగారు రాయితీ లెక్క వేస్తారు. మేనమామ హాస్టలు వద్దంటాడు. బాబాయి "పెండ్లి చేసి పంపే పిల్లకు ఎంపీసీ ఎందుకు వదినా, నడిచి పోయేంత దూరంల సీఈసీ వుంది గదా" అంటాడు. ఇంకో ఇంట్లో దీనికి తిరగబడిన కథ. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే పిల్లను డాక్టరమ్మను చేయాలని బైపీసీలో కూర్చోబెడతారు. రెండిళ్ళలోనూ అమ్మ చాయ్ పెట్టి ఇచ్చి, చర్చ అయ్యాక కప్పులు తీసుకుపోతుంది.

ఆ అమ్మ కూడా చర్చలో కూర్చోవాలన్నదే ఈ వారం నా మాట. కూర్చోవాలంటే కొన్ని నియమాలు తెలిసి వుండాలి. చిట్టీ పాట లెక్క, డ్వాక్రా వడ్డీ లెక్క నోటితో చెప్పే ఆడవాళ్ళకు ఇంటర్ బోర్డు నియమాలు ఏపాటి? కాకపోతే మనకు ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ఇంటర్ అంటే రెండేళ్ళు. ఇంగ్లీషు, రెండో భాష అందరికీ వుంటాయి. ఆ పైన గ్రూపు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అయితే ఎంపీసీ. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ అయితే బైపీసీ. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ అయితే సీఈసీ. కామర్స్ తీయకుండా సివిక్స్ బదులు లెక్కలు పెడితే ఎంఈసీ. హిస్టరీ వున్నది హెచ్ఈసీ. ప్రతి పేపరులోనూ నూటికి ముప్ఫై అయిదు వస్తే పాస్. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియంది ఏమిటంటే, ఈ గ్రూపుల మధ్య తలుపులు అన్నీ రెండువైపులా తెరుచుకోవు.

ఎంపీసీ చదివిన పిల్ల రెండేళ్ళ తర్వాత మనసు మారి బీఏకో, బీకాంకో, అయిదేళ్ళ లా కోర్సుకో వెళతానంటే అడ్డు లేదు. సీఈసీ చదివిన పిల్ల ఇంజనీరింగ్ చేస్తానంటే మాత్రం కుదరదు. బి.ఫార్మసీకి ఎంపీసీ వాళ్ళూ బైపీసీ వాళ్ళూ ఇద్దరూ వెళ్ళొచ్చు, అగ్రికల్చర్ బీఎస్సీకి బైపీసీ కావాలి. డాక్టరు చదువుకు బయాలజీ తప్పనిసరి. ఎంపీసీ చదివినవాళ్ళు బయాలజీని తర్వాత అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది. అంటే మూసుకున్న తలుపులు కూడా అప్పుడప్పుడూ తెరుచుకుంటాయి. పదిహేనేళ్ళకే లెక్కలు వదిలేసిన పిల్లకు మళ్ళీ తెరిచేది మాత్రం నాకు అంతగా కనబడదు.

అందుకే లెక్కల దగ్గర కాసేపు ఆగుతాను. మన ఆడపిల్లలు ఎందుకు లెక్కలు వదిలేస్తారు? "దానికి లెక్కలంటే భయమండీ" అంటారు తల్లులు, ఆ భయం కాటుక కళ్ళలాగా పుట్టుకతో వచ్చినట్టు. భయం వేరు, ఇష్టం లేకపోవడం వేరు. తొమ్మిదో తరగతిలో సగం ఏడాది లెక్కల పోస్టు ఖాళీగా వుంటే పిల్లకు భయం వేస్తుంది. ట్యూషనుకు అన్నను పంపి, చీకటి పడుతుందని చెల్లెల్ని ఆపితే భయం వేస్తుంది. ఆ భయానికి మందు వుంది. ఇష్టం లేనిదానికి లేదు, వుండనక్కరా లేదు. మీ పిల్లది ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవడానికి పీఆర్వో అక్కర్లేదు. పదో తరగతి లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని ఒక మధ్యాహ్నం పిల్ల పక్కన కూర్చుంటే తెలిసిపోతుంది. మీకు లెక్కలు రాకపోయినా సరే, ఎక్కడ ఆగిందో ఆమె మొహం చెబుతుంది.

ఇష్టం వుందనుకోండి. కాజీపేట పోయే దారిలో ఎన్ఐటీ గేటు ముందు నుంచి మనం ఎన్నిసార్లు ఆటోలో వెళ్ళి వుంటామో. 1959లో ఆర్ఈసీగా పుట్టిన కాలేజీ అది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుకుంటారు. అందులో సగం సీట్లు తెలంగాణ పిల్లలవి. 2018 నుంచి ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఆడపిల్లలకు విడిగా సీట్లు కేటాయిస్తున్నారు. గేటు ముందు కాపురం వుంటున్న ఆడపిల్లల తల్లుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఇంకో మెలిక కూడా చెబుతాను. జేఈఈలో ర్యాంకు వచ్చినా ఇంటర్లో 75 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం) వుండాలి, లేదంటే బోర్డులో పై 20 పర్సంటైల్‌లోనైనా వుండాలి. మన రాష్ట్రపు ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు వెయిటేజీ 2023లో ఎత్తేశారు గనక ఇంటర్ పరీక్షలను ఎలాగో గట్టెక్కితే చాలని కొన్ని కాలేజీల్లో పిల్లల చెవుల్లో ఊదుతున్నారు. ఆ ఎప్‌సెట్‌కైనా గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వేషను వున్నవాళ్ళకు 40) వుండాల్సిందే.

ఇదంతా చదివి పిల్లలందర్నీ ఎంపీసీలో తోసేయమంటున్నానని అనుకోకండి. పేపరు రాగానే ముందు రాజకీయాల పేజీ చదివే పిల్ల వుంటుంది. ఆ పిల్లను హెచ్ఈసీలో చేర్చడానికి నామోషీ ఎందుకు? టీచరు శిక్షణకు, లా ప్రవేశ పరీక్షకు ఏ గ్రూపు వాళ్ళయినా కూర్చోవచ్చు. నర్సింగ్‌లో బీఎస్సీకి బైపీసీ కావాలి గాని, జీఎన్ఎంకు ఆర్ట్స్ వాళ్ళూ అర్హులే. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే, డిప్లొమా అయ్యాక ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. బాసరలోని ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ళ చదువుకు తీసుకుంటారు, సర్కారు బడుల పిల్లలకు కొంత మొగ్గు కూడా వుంటుంది. కంగారుపడి ఎక్కడో అడ్వాన్సు కట్టేసిన ఇళ్ళల్లో ఈ దరఖాస్తులు పెట్టే ఓపిక మిగలదు. ఒకేషనల్ కోర్సులో చేరిన పిల్ల కూడా బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసుకుంటే డిగ్రీ చదువులకు వెళ్ళగలదు. డబ్బు దగ్గరే ఆగిపోతున్న ఇళ్ళకు ఒక మాట: ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు. కస్తూర్బా విద్యాలయాలు చాలాచోట్ల ఇంటర్ దాకా పెరిగాయి, అక్కడ ఆడపిల్లలకు తిండీ వసతీ ఉచితం.

రెండో భాష గురించి కథలు రాసుకునేదానిగా నా కడుపుమంట కాస్త వెళ్ళగక్కనివ్వండి. మార్కులు బాగా పడతాయని కాలేజీవాళ్ళే తెలుగు తీసేసి సంస్కృతం పెట్టిస్తున్నారు. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చు గనక దేవనాగరి లిపి రాకపోయినా నూటికి తొంభై తొమ్మిది. సంస్కృతం మీద నాకు కోపం లేదు, నిజంగా నేర్పితే ఎంత బాగుండును! నేర్పకుండా మార్కులు పంచుతున్నారు. ఇటు తెలుగూ పోయింది, అటు సంస్కృతమూ రాలేదు. వేరే ఏ గ్రూపైనా తీసుకోండి గాని, తెలుగు మీద ఇష్టం వున్న పిల్ల దగ్గర మాత్రం తెలుగు లాక్కోకండి.

ఇప్పుడు డబ్బున్న ఇళ్ళవాళ్ళకూ ఒక హెచ్చరిక. మన వరంగల్ నుంచి విజయవాడ రైలెక్కించి పిల్లల్ని అక్కడి హాస్టళ్ళలో దింపి రావడం ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. వైద్య విద్య సీటే లక్ష్యమైతే మాత్రం రైలెక్కే ముందు ఆలోచించండి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్ళు తెలంగాణలో చదివినవాళ్ళే ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లకు స్థానికులని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కోర్టుల్లో చాలా వాదనలు నడిచాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. రాష్ట్రం బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటివారికి కొన్ని మినహాయింపులు వున్నాయి. ఆ సీట్లు పంచే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మన ఊళ్ళోనే వుంది, అనుమానం వుంటే వెళ్ళి అడిగి రావచ్చు. ఇరుగింటావిడ మాట మీదో, పొరుగింటి పిల్ల ర్యాంకు మీదో ఆ సంగతి తేల్చుకోకండి.

ఫెయిలైతే ఏమిటి? ఈ ప్రశ్న చేర్చేటప్పుడే అడగాలి, ఫలితాల రోజున అడిగితే ఆలస్యమవుతుంది. ఇంటర్ మొదటి ఏడాది ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా రెండో ఏడాదిలోకి వెళ్ళనిస్తారు. సప్లిమెంటరీ వుంది. పాసైనా మార్కులు చాలవనుకుంటే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. మార్కుల మీద అనుమానం వుంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ వున్నాయి. ఈ చివరి మాట ఎంత పెద్దదో 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రం చూసింది. ఆ ఏడు ఫలితాల్లో మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99. మళ్ళీ పేపర్లు దిద్ది చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. కంప్యూటరు తప్పయినా, మనిషి తప్పయినా దిద్దుకునే దారి వుందని ఆ పిల్లలకు ఇంట్లో ఎవరైనా ముందే చెప్పి వుంటే? నేను ఎన్నిసార్లు ఆ సంగతి తలుచుకున్నా ఇక్కడే ఆగిపోతాను. మన ఇళ్ళల్లో ఫెయిలైన ఆడపిల్లకు ఇంకో ప్రమాదం కూడా వుంది. ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు పెళ్ళి సంబంధం మాట తెస్తారు. "చదువు అబ్బలేదు, ఇంక ఎన్నాళ్ళు ఇంట్ల పెట్టుకుంటవ్?" అంటారు. సప్లిమెంటరీ పరీక్షకు గడువు ఎక్కువ వుండదు. పరీక్ష ఫీజు కట్టే చివరి తేదీ ముందు గోడ మీద క్యాలెండరులో రాసుకోండి, సంబంధం తెచ్చినవాళ్ళకు అదే చూపించండి.

కాలేజీలో చేర్చేముందు అడగాల్సినవి కొన్ని వున్నాయి. ఆ కాలేజీకి ఈ ఏడాది బోర్డు గుర్తింపు వచ్చిందా? రాకపోతే పరీక్షల ముందు హాల్‌టికెట్ల దగ్గర పేచీ వస్తుంది. లెక్కలు ఎవరు చెబుతారు, ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నారు? మధ్యలో మానేస్తే ఒరిజినల్ మెమో, టీసీ వెంటనే ఇస్తారా? ఫీజు బాకీ వుందని సర్టిఫికెట్లు అట్టే పెట్టుకునే చోట్లు వున్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్లు ఎన్ని, సాయంత్రం క్లాసు ఎన్నింటికి వదులుతారు? ఇవి అడగడానికి మగవాళ్ళకు తోచవు, అడిగినా సిగ్గుపడతారు. మనమే అడగాలి. పిల్లను వెంట తీసుకెళ్ళండి. అప్లికేషను ఆమె చేతే నింపించండి, గ్రూపు అన్న గడిలో ఆమె చేతిరాత వుండాలి.

ఇక, ఇదంతా చదువుతూ "మా కాలంలో ఎవరు అడిగారమ్మా, పదో తరగతితోనే పసుపుతాడు పడింది" అనుకునేవాళ్ళు ఈ పేజీ పాఠకుల్లో తక్కువేమీ కాదని నాకు తెలుసు. తెలంగాణ ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదవడానికి పై వయసు హద్దు లేదు. అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు. అన్నీ ఒక్కసారే రాయనక్కర లేదు. ఒకటో రెండో చొప్పున రాసుకుంటూ, పాసైనవాటిని దాచుకుంటూ అయిదేళ్ళలో ముగించవచ్చు. కూతురు గ్రూపు ఎంచుకునే వేసవిలోనే తల్లి కూడా ఫారం తెచ్చుకోవచ్చు. స్టడీ సెంటర్లు దగ్గర్లోని స్కూళ్ళలోనే వుంటాయి, క్లాసులు ఆదివారాలూ సెలవు రోజుల్లోనూ పెడతారు. ఆ ఆదివారాలు వంట ఎవరు చేయాలన్నది మాత్రం ఓపెన్ స్కూలు నియమాల్లో ఎక్కడా రాసిలేదు, అది ఇంట్లోనే తేల్చుకోవాలి.