మా భాషల కల్తీ లేదు, కష్టం ఉన్నది

మొన్న నిజామాబాద్‌ల కొలువు ఇంటర్వ్యూకు పోయొచ్చిన మా తమ్ముడు మొఖం మాడ్చుకొని కూసున్నడు. "జర ఆగుండ్రి సార్" అన్నందుకు "నీది తెలుగా, ఉర్దూనా?" అని నవ్విండ్రంట. ఇరవై ఏండ్ల కింద నాకూ గిదే అయ్యింది. అప్పుడు తల దించుకున్న. ఇప్పుడు దించుకోను. ఎందుకో చెప్త.

1937ల బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. దఫ్తర్ల ఉర్దూ. చేన్లళ్ల తెలుగు. మంజీర అవుతలి నుంచి చెరుకు కొట్టనీకి వచ్చినోళ్లది మరాఠీ. నిజాంసాగర్ నీళ్లకు వచ్చి క్యాంపులు కట్టుకున్న కోస్తా రైతులది ఇంకో యాస. కాంటా కాడ బండి తూగాలంటె ఒకరి మాట ఒకరికి అర్థం కావాలె కదా? భాషలు గట్ల కలిసినయి. ఎవడో కూసోని కలిపింది కాదు.

సప్పుడు సంగతే చూడుండ్రి. మనం "చలి" అన్నప్పుడు నాలుక పండ్లకు తాకి "త్స" లెక్క పలుకుతది. మరాఠోళ్ల "చాంగ్లా" కూడ గంతే. హిందీల ఈ సప్పుడు లేదు. "జా" అంటె హిందీలనూ మరాఠీలనూ "పో" అనే అర్థం. కాని మరాఠోళ్లు "జామపండు"ల జ లెక్క పలుకుతరు. ఉర్దూ "జర" మన నోట్లె అంత సులువుగ ఇమిడిందంటె, దానికి దగ్గరి సప్పుడు ముందే మనకాడ ఉన్నది.

ఉర్దూ కూడ మన తానకొచ్చి మారింది. మన దక్కనీల "నక్కో" మరాఠీ "నకో" నుంచి వచ్చింది. "అభీచ్" చివర ఉన్న "చ్" కూడ మరాఠీదే, మన "ఇప్పుడే"ల "ఏ" చేసే పనే చేస్తది. "ఆతౌం బోల్కే బోలా" అన్నది మన "వస్త అని చెప్పిండు" నడకే. మహారాష్ట్ర సాంగ్లి జిల్లాల కుప్వార్ అనే ఊరుంది. ఆడ కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు వేరే ఉన్నా వాక్యం నడక ఒక్కటైందని గంపర్జ్, విల్సన్ అనే పరిశోధకులు 1971ల రాసిండ్రు. దాన్ని ప్రపంచమంత చదువుతున్నది. మనకాడ గదే పని జరిగితే "అశుద్ధం" అంటున్నరు.

అసలు నష్టం ఏడుందో చూడుండ్రి. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ మూతపడ్డది. కొలువులు పోయినయి, నాలుగు భాషలు కలిసే జాగా కూడ పోయింది. పోరగాండ్లు గల్ఫ్ బాట పట్టిండ్రు. 2022 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది. నేను ఇంగ్లీషు వద్దంటలేను, అది మన పిల్లలకు కావాలె. కాని ఇంటి మాటకు సిగ్గుపడే పిల్లగాడు ఏ భాషలనూ ధైర్యంగ నోరు తెరువడు.

సెప్టెంబర్ 9న కాళోజీ ఫొటోకు దండేసి భాషా దినం చేస్తే సరిపోదు. బోధన్, మద్నూర్, జుక్కల్ మాటలు పాఠం పుస్తకాలల్లకు రావాలె. యాస చూసి కొలువు ఆపుడు బంద్ కావాలె. ఫ్యాక్టరీ గేటు తెరువాలె.

తమ్మీ, చెల్లే! రేపు ఇంటర్వ్యూల ఎవడన్న నవ్వితె "జర ఆగుండ్రి సార్" అని మళ్లా అనుండ్రి. ఈసారి కొంచెం గట్టిగ.