హాజరుపట్టీలో కనిపించే జబ్బులు

ఎల్.బి. నగర్ ప్రాంతంలో ఒక కళాశాలలో పనిచేస్తున్న పాఠకురాలు ఇలా వ్రాశారు: "మా క్లాసులో అరవైమంది పిల్లలు. సగానికి పైగా హాస్టళ్లలో ఉండేవాళ్లే. వారానికొకరు కళ్లు తిరిగి పడిపోతారు. ఎవరో ఒకరు పదిరోజులు కనబడకుండా పోయి, చిక్కి సగమై తిరిగి వస్తారు. నేను చెప్పేది కామర్సు. డాక్టరును కాను. వీళ్ల ఆరోగ్యం విషయంలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా? చేయబోతే 'మీకెందుకండీ' అంటారేమోనని భయం."

ఉందమ్మా. డాక్టరు కంటే ముందుగా మీరే చేయగలిగింది చాలా ఉంది. మా దగ్గరకు జబ్బు ముదిరిన తర్వాత వస్తుంది. మీ ముందుకు రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. ఈ మాట లెక్చరర్లకే కాదు. ఆఫీసు గుమాస్తాకు, లైబ్రేరియనుకు, ల్యాబు అటెండరుకు, హాస్టలు వార్డెనుకు, మెస్సులో వంటచేసే అమ్మకు, గేటు దగ్గర వాచ్‌మనుకు కూడా వర్తిస్తుంది. మీ ఇంట్లో వీరిలో ఎవరైనా ఉంటే ఈ పేజీ వారికి చూపండి. మీ బిడ్డ ఇక్కడ హాస్టల్లో ఉంటే మీరూ చదవండి.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లో నడిచిన వారికి చెప్పనక్కరలేదు. ప్రతి రెండో మేడకు ఒక హాస్టలు బోర్డు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, పాలమూరు నుంచి వచ్చిన పిల్లలు. కొందరు డిగ్రీకి, కొందరు తెల్లవారగానే ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగు కాలేజీల బస్సులెక్కడానికి, కొందరు గ్రూప్సు, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు. ఇంట్లో ఉన్నప్పుడు అన్నం సగంలో వదిలేసి లేస్తే అమ్మ అడుగుతుంది, ఒళ్లు వెచ్చబడితే నాయనమ్మ నుదుటిమీద చెయ్యి వేస్తుంది. ఇక్కడ గదిలో నలుగురున్నా ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. ఆ చెయ్యి వేసే పని ఎవరో ఒకరు చేయాలి గదా!

మీ చేతిలో మా స్టెతస్కోపుకు తీసిపోని సాధనం ఒకటుంది. అదే హాజరుపట్టీ. దానిని శాతం లెక్క కట్టడానికి మాత్రమే వాడుతున్నారు. ఒకసారి నెలరోజుల పట్టీ ముందు వేసుకుని, ఎవరు ఎన్ని రోజులు రాలేదని కాకుండా, ఏ రోజుల్లో రాలేదో చూడండి. రోజూ మొదటి పీరియడుకు మాత్రమే రానివాడు సోమరి అని తీర్మానించకండి. రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నాడేమో, నిద్ర పట్టడం లేదేమో అడగండి. పద్దెనిమిదేళ్లు దాటిన వారికి కూడా రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఇంటర్ వయస్సువారికి ఎనిమిది. ప్రతినెలా రెండేసి రోజులు రాని అమ్మాయికి బహిష్టు నొప్పి భరించరానిదిగా ఉండవచ్చు. అది ఓర్చుకోవలసిన బాధ కాదు, వైద్యమున్న బాధ. పరీక్ష పెట్టిన రోజే కడుపునొప్పి వచ్చేవాడు అబద్ధమాడుతున్నాడని కూడా అనుకోవద్దు. భయంతో నిజంగానే కడుపు మెలిపెడుతుంది. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే పిల్ల రెండు వారాలుగా వెనక బెంచీకి మారితే, ఆ మార్పు పట్టీలో రాదు. అది మీ కన్నే పట్టాలి.

ఇక కళ్లు తిరిగి పడిపోవడం. ఈ పాఠకురాలికి ఎక్కువగా ఎదురవుతున్నది ఇదే గనుక కాస్త వివరంగా చెబుతాను. హాస్టల్లో ఇడ్లీ ఎనిమిదింటికి దిగుతుంది. కాలేజీ బస్సు ఏడింటికే కదులుతుంది. పిల్ల రాత్రి ఎనిమిదింటికి తిన్నదే తిండి. మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంటకు. పదిహేడు గంటలు ఖాళీ కడుపు, మధ్యలో రెండు టీలు! దీనికి తోడు రక్తహీనత. మనదేశంలో 15 నుంచి 49 సంవత్సరాల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే మీ క్లాసులో ముప్ఫైమంది అమ్మాయిలుంటే వారిలో సగానికి పైగా అటువంటివారే కావచ్చు.

పడిపోయిన పిల్లను వెంటనే లేపి కూర్చోబెట్టకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తున ఉంచండి. చుట్టూ మూగిన వారిని పంపేయండి. పూర్తిగా తెలివి రాకముందు నోట్లో నీళ్లు పోయరాదు. ఉల్లిపాయలు, తాళాలు, చెప్పులు, ఇవేవీ అక్కరలేదు. ఒకటి రెండు నిమిషాలలో తెలివి రాకపోయినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా 108కి ఫోను చేయండి. తెలివి వస్తే అంతటితో మరిచిపోకుండా, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోమని చెప్పండి. 12కు తక్కువ ఉంటే ఆ అమ్మాయికి రక్తహీనత ఉన్నట్టే. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. దానికి ముందు వెనక గంటసేపు టీ, కాఫీ తాగితే మాత్ర చాలావరకు వృథా. మెస్సు నడిపేవారు బస్సు పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు, అరటిపండు, లేదా పల్లీపట్టీ పొట్లం కట్టి ఆరున్నరకే బల్లమీద పెట్టగలిగితే ఈ పడిపోవడాలు సగం తగ్గుతాయని నా నమ్మకం.

ప్రిన్సిపాలుగారు చదువుతుంటే వారికొక మనవి. ఏదో ఒకరోజు సాయంత్రం, ఆడపిల్లలు వెళ్లిపోయాక, వారి మరుగుదొడ్లు మీరే స్వయంగా చూసి రండి. గడియ పడుతుందా? పంపులో నీళ్లున్నాయా? మూత ఉన్న చెత్తబుట్ట ఉందా? లేకపోతే పిల్లలు చేసేదేమిటో తెలుసా? పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లసీసా సంచిలో ఉంటుంది, నిండుగానే తిరిగి వెళుతుంది. దానివల్ల మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, అశ్రద్ధ చేస్తే చలిజ్వరం, నడుము పక్కల నొప్పి. అంతదాకా వస్తే వెంటనే డాక్టరుకు చూపాలి. వేల రూపాయల మందులు తప్పించే శక్తి ఒక గడియకు ఉంది. అవసరానికి నాప్‌కిన్లు ఏ ఆయా దగ్గర ఉంటాయో ఆడపిల్లలందరికీ మొదటి రోజే చెప్పి ఉంచండి.

వానలు పడ్డాక డెంగీ. ఇక్కడ విద్యార్థులు చేసే తప్పు ఒకటుంది. మూడు నాలుగు రోజులు జ్వరం కాస్తుంది. తగ్గుతుంది. హాజరు పోతుందని లేచి క్లాసుకు వస్తారు. కాని డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగే సమయంలోనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోనో ముక్కులోనో రక్తం, విపరీతమైన నీరసం లేదా చిరాకు, వీటిలో ఏది కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి పంపాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి మనకు దగ్గరే. "జ్వరం వస్తే మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని నువ్వే రావాలి" అనే ఆఫీసువారు దయచేసి ఆ నిబంధన సడలించండి; ఫోనులో ఫోటో పంపితే సరిపోదా? అలాగే సొరుగులోంచి తీసి మాత్రలు ఇచ్చే అలవాటు మంచిది కాదు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, ఆరేసి గంటల ఎడంతో. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆ దోమ పగలు కుట్టేది, పెరిగేది నిలువ ఉన్న మంచినీళ్లలో. హాస్టలు డ్రమ్ములు, కూలర్లు వారానికొకసారి బోర్లించి తోమితే చాలు. ఈ పని వాచ్‌మన్‌కు అప్పగించి, చేశాడో లేదో వార్డెను చూడాలి.

రెండు వారాలు దాటిన దగ్గు గురించి కూడా ఒక మాట. సాయంత్రాలు కొద్దిగా జ్వరం, బరువు తగ్గడం తోడైతే కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. పోషణ కోసం 2018లో మొదలైన నెలకు 500 రూపాయల సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. క్షయ అని తేలగానే పెట్టె బయటపెట్టి "ఊరికి వెళ్లిపో" అనే హాస్టళ్లు లేకపోలేదు. దాని ఫలితం, తర్వాతి పిల్లవాడు దగ్గును దాచిపెడతాడు, గదిలోని మిగతా ముగ్గురికీ అంటిస్తాడు. సరయిన మందులు మొదలుపెట్టిన కొద్దివారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అందాకా వేరే గది ఇవ్వండి. గదిలో తోటివారికి కూడా పరీక్ష చేయించండి.

ఇప్పుడు మనసు సంగతి. 2023 జూలైలో, విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చి హాస్టల్లో ఉంటున్న పశ్చిమ బెంగాల్ అమ్మాయి, పదిహేడేళ్లది, మరణించింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, చట్టం వచ్చేదాకా పాటించవలసిన పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలరు ఉండాలి. బోధన సిబ్బందికీ, బోధనేతర సిబ్బందికీ కూడా ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడగొట్టడం, నలుగురిలో అవమానించడం కూడదు. ప్రత్యేక జాగ్రత్త వహించవలసిన కోచింగు నగరాలలో కోటాతో పాటు మన హైదరాబాదు పేరు కూడా అందులో ఉంది. మీ సంస్థలో ఇవి అమలవుతున్నాయా అని అడిగే హక్కు తల్లిదండ్రులకూ ఉంది, మీకూ ఉంది.

కౌన్సెలరు వచ్చేదాకా ఏం చేయాలి? విడిగా పిలిచి, తలుపు ఓరగా వేసి, కూర్చోమనండి. మొదటి ప్రశ్న చదువు గురించి వద్దు. "అన్నం తిన్నావా? నిద్ర పడుతోందా?" అని అడగండి. మన పిల్లలు ఏడుపు ఆపుకోలేనిది ఈ రెండు ప్రశ్నల దగ్గరే. తర్వాత మీరు మాట్లాడకండి, విననివ్వండి మీ చెవులను. "మా రోజుల్లో అయితే" అని మొదలుపెట్టారో, ఆ పిల్లవాడు ఇక నోరు విప్పడు. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు, ఇవి కనిపిస్తే సూటిగా అడగండి: "చనిపోవాలనే ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఒకరు అడిగినందుకు గుండె బరువు తగ్గుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు కలిపి మీరు పక్కనే కూర్చోండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ-మానస్. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమంటే ఇంకా హాస్యమాడేవాళ్లున్నారు. నవ్వవలసిందేమీ లేదు. అక్కడ నిద్ర పట్టని విద్యార్థిని కూడా చూస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. మొదటిసారి ఒక లెక్చరరో, అటెండరో తోడు వెళితే రెండోసారి వాళ్లే వెళతారు.

"మీకెందుకండీ" అంటారేమోనన్న భయానికి వస్తాను. యు.జి.సి. 2015లోనే విద్యార్థుల భద్రతపై ఇచ్చిన సూచనలలో, ఇరవై అయిదుమందికి ఒక అధ్యాపకుడు చొప్పున బాధ్యత తీసుకుని, ఏడాది పొడవునా వారితో, హాస్టలు వార్డెన్లతో సంబంధం పెట్టుకోవాలని చెప్పింది. కనుక అడగడం మీ పనిలో భాగమే. అరవైమందిని ఒక్కరే మోయనక్కరలేదు, స్టాఫ్‌రూములో పంచుకోండి. విన్న సంగతులు మాత్రం స్టాఫ్‌రూములో పంచుకోకండి!

ఇంటికి చెప్పాలా వద్దా అన్నది కష్టమైన ప్రశ్న. ప్రాణాపాయం ఉందనిపిస్తే తప్పక చెప్పాలి, ఆ సంగతి విద్యార్థికి కూడా ముందే తెలియజేయాలి. తక్కిన విషయాల్లో వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్న మేరకే చెప్పండి. ఫోనులో "మీవాడు సరిగా చదవడం లేదు" అని మొదలుపెట్టకండి. "అబ్బాయికి ఒంట్లో బాగాలేదు, ఒకసారి వచ్చి వెళ్లండి" అంటే చాలు. ఇక తల్లిదండ్రులారా, అటువంటి ఫోను వస్తే ఆ రోజే తిరుగు బస్సు పట్టుకునేలా రాకండి. రెండు రోజులు ఉండే ఏర్పాటుతో రండి. మొదటి రోజు మార్కుల మాట ఎత్తకుండా, బిడ్డ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయేదాకా పక్కనే ఉండండి. ప్రిన్సిపాలును, డాక్టరును రెండో రోజు కలవవచ్చు.