దిక్కులేని బండికి దిక్కెవరు?

హౌరా–ముంబయి ప్రధాన మార్గంలో రాయపూరుకు, దుర్గుకు నడుమ భిలాయి మార్షలింగ్ యార్డు ఉన్నది. ఆ యార్డు పొడి అక్షరాలతోనే ఆ ఊరు మనవారందరికీ ‘బి.ఎం.వై. చరోదా’గా పరిచితం. యార్డులో ఏ వ్యాగనూ లెక్కకు అందకుండా నిలిచిపోదు. ప్రతి వ్యాగనుకు పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. అది ఏ రకమో, ఏ రైల్వేదో, ఏ ఏట తయారైనదో ఆ అంకెలే చెబుతాయి. పరీక్షలో లోపం బయటపడితే ‘సిక్’ అని గుర్తు వేసి, రేక్ నుండి విడదీసి, సిక్ లైనుకు పంపుతారు. బాగుచేయడానికి వీలులేని వ్యాగనును కండెమ్ చేయడానికి సైతం ఒక పద్ధతి ఉన్నది.

ఇంతటి క్రమశిక్షణ నేర్చిన మనం నివసించే కాలనీలలో మాత్రం, ఏ ఊరనక, వేపచెట్టు కింద టైర్లు నేలకంటిన స్కూటరు ఒకటి, క్వార్టర్ల వెనుక తుప్పుపట్టిన జీపు ఒకటి ఏళ్ళ తరబడి పడివుంటాయి. వానాకాలంలో వాటి టైర్లలో దోమలు పెరుగుతాయి. అంబులెన్సు తిరగవలసిన మలుపు ఇరుకవుతుంది. ఆ బండి ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పరు.

చట్టం లేక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో పది గంటలు గాని, అంతకు మించి గాని వదిలివేసిన మోటారు వాహనాన్ని తొలగించడానికి ఆ ప్రాంతంపై అధికారం గల, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చును. కాలిపోయినదో, విరిగినదో అయి రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే ఆ పది గంటలు కూడా ఆగనక్కరలేదు. లాగించిన ఖర్చు యజమానిదే. ఇంత సూటిగా ఉన్న చట్టం కాలనీ గేటు వద్దకు వచ్చేసరికి తడబడుతుంది. స్థలం రైల్వేది గనుక రైల్వేను అడగమని పోలీసులు, బండి ప్రైవేటుది గనుక పోలీసులకు చెప్పమని రైల్వేవారు, ఆ రోడ్డు తమది కాదని పురపాలకులు అనడం కాలనీవాసులకు కొత్త కాదు.

నేను లోగడ నివసించిన ఒక కాలనీలో ఎట్టకేలకు ఒక స్కూటరు యజమానికి నోటీసు పంపారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని చిరునామాకే పంపారు. ఆ చిరునామా మరేదో కాదు, ఏ క్వార్టరు ముందు ఆ స్కూటరు తుప్పుపడుతున్నదో ఆ క్వార్టరే! పోస్టుమాన్ సోదరుడు సైకిలును ఆ స్కూటరుకే ఆనించి తలుపు తట్టాడు. కొత్తగా చేరినవారు తమకు సంబంధం లేదన్నారు. ‘చిరునామాదారు వెళ్ళిపోయారు’ అని రాసుకొని ఉత్తరం వెనక్కి పోయింది. కాగితం మీద విధి పూర్తయినట్లే. ఆ స్కూటరు యజమాని ఎప్పుడో రిటైరై స్వగ్రామానికి వెళ్ళిపోయాడు. అతని పింఛను నెలనెలా ఏ బ్యాంకుకు చేరుతున్నదో శాఖకు తెలుసు. స్కూటరు సంగతి రాయడానికి మాత్రం అతని చిరునామా ఎవరికీ దొరకలేదు!

వేతన సవరణ, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా యూనియనుకు ఈ పాత ఇనుము గొడవ ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కానీ కార్మికుడి బండి కేవలం పాత ఇనుము కాదు, వాయిదాల మీద కొన్న ఆస్తి. అది దొంగిలించిన బండి అయితే, మరో ఊళ్ళో మరో కార్మికుడు లేని బండికి వాయిదాలు కడుతున్నాడన్నమాట. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబులను సైకిళ్ళపైనే అమర్చారన్నది మరువరాదు. అనుమానాస్పదమైన బండిని ముట్టుకోక, స్టేషను ఆవరణలోనైతే 139కి, వెలుపలనైతే 112కి వెంటనే చెప్పవలసియున్నది.

స్వాధీనమైన తరువాతి కథ మరొకటి. హక్కుదారు తెలియని సొత్తుకు మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి ఆరు నెలల గడువు ఇవ్వాలి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఈ గడువును నిలిపింది. పట్టుకున్న వాహనాలను పోలీసు స్టేషన్లలో దీర్ఘకాలం పడవేయడం వల్ల ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో 2002లోనే చెప్పింది. అయినా అనేక స్టేషన్ల ప్రహరీల వెంట బండ్ల గుట్టలు మనకు కనబడుతూనే ఉన్నాయి.

కనుక మనం కోరవలసినది ఇది. ఫిర్యాదు నోటిమాటగా కాక నంబరు, స్థలం, తేదీలతో రాతపూర్వకంగా ఇవ్వాలి, రసీదు పొందాలి. కాలనీలో కనుగొన్న బండి ఉద్యోగిదని తెలిస్తే, సర్వీసు రికార్డు నుండో పింఛను కాగితాల నుండో ప్రస్తుత చిరునామా తీసి అక్కడికే నోటీసు పంపాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1న స్పీడ్ పోస్టులో విలీనమైనది గాని, సరైన చిరునామా రాస్తే చేర్చే చేతులు మన తపాలా సోదరులవే. ఆ ఉత్తరం చేరకమునుపు వేలం పాట పెట్టరాదు.

మన తప్పు కూడా కొంత ఉన్నది. శ్రీకాకుళం నుండి పార్సిలులో బండి తెచ్చుకొని పన్నెండు నెలలు దాటినా ఇక్కడి నంబరు తీసుకోనివారు ఉన్నారు. బండి అమ్మి పత్రం మార్చనివారు ఉన్నారు. యజమాని మరణిస్తే ముప్పది రోజులలో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలలలోగా ఫారం 31తో వారసుల పేరిట మార్పుకు దరఖాస్తు చేయాలి. సెటిల్‌మెంటు కాగితాలు నింపడానికి వితంతువుకు తోడు వెళ్ళే మన శాఖా కార్యదర్శులు, ఆ ఫారాన్ని కూడా సంచిలో పెట్టుకొని వెళ్ళాలి.