తష్‌ఖీస్‌కి ఉజ్రత్ ఏదీ?



మొన్న డిసెంబర్‌లో, ఫజర్ అయిన అరగంటకి సంగతి. ఆ నెలలో మన ఇబ్రహీంపట్నం పొద్దుటి చలి ఎలా ఉంటుందో మీకు మాలూమే. అమ్మీకి కంటి ఆపరేషన్. ఎనిమిదింటికల్లా మలక్‌పేటలో ఉండాలి. సాగర్ రోడ్డు మీద ట్రాఫిక్ మొదలవక ముందే బయల్దేరాలని అబ్బా వదిలివెళ్ళిన 2006 మోడల్ మారుతి 800లో కూర్చుని తాళం తిప్పాను. "టక్" మంది. అంతే. ముందురోజు ఇషా దాకా బేషుగ్గా నడిచిన బండి!

ఐదు నిమిషాల్లో గల్లీలో అందరూ హకీమ్‌లైపోయారు. పక్కింటి ఖాలా, "నజర్ తగిలింది బేటా, తీయించు" అంది. చిచ్చా అయితే, "అమ్మెయ్‌రా. కంపెనీవాడే 2014ల ఈ బండి బంద్ పెట్టిండు, నువ్వింకా ఎన్నాళ్ళు మోస్తవ్?" అన్నాడు. ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్ ఒక్కసారి తాళం తిప్పి విని, "సెల్ఫ్ మోటార్ ఖరాబైంది భాయ్, నాలుగు వేలు" అన్నాడు. బానెట్ కూడా ఎత్తలేదు.

అప్పుడే నమాజ్ చదివి ఇంటికి పోతున్న ఒక పెద్ద ఉస్తాద్ ఆగాడు. హెడ్‌లైట్ వేయించి తాళం తిప్పమన్నాడు. లైటు ఒక్కసారిగా మసకబారింది. ఇంటికెళ్ళి మీటర్ తెచ్చి బ్యాటరీ రెండు సీసం దిమ్మెల మీద పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు. తాళం తిప్పినా పెద్దగా తగ్గలేదు. అదే మీటర్‌ని దిమ్మెలకు బిగించిన వైర్ క్లిప్పుల మీద పెట్టి తిప్పమంటే వోల్టేజ్ ధడేల్‌మని పడిపోయింది. "బ్యాటరీ బేకసూర్, సెల్ఫ్ కూడా బేకసూరే అనుకుంట. మధ్యల దారి మూసుకపోయింది" అన్నాడు.

ఎర్త్ క్లిప్ విప్పితే లోపలంతా తెల్లటి పొక్కు పేరుకుని ఉంది. రెండో క్లిప్ కూడా విప్పి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించి, పైన వాజిలీన్ పూశాడు. పావుగంట పని. బండి స్టార్టయింది. అమ్మీ బిస్మిల్లా అంటూ ఎక్కి కూర్చుంది.

"ఎంతివ్వమంటారు ఉస్తాద్?" అన్నాను.

"ఏం తీసుకోను బేటా? సామాను ఏమీ వేయలేదు కదా" అన్నాడు.

ఈ మాటే అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. బోనెట్ ఎత్తకుండా ఫైసలా చేసినవాడికి నాలుగు వేలు దక్కేవి. తహ్కీక్ చేసి సచ్చాయీ చెప్పినవాడికి సిఫర్. ఈ రివాజు పెట్టింది మెకానిక్‌లు కాదు, మనమే.

డాక్టర్ నబ్జ్ చూసి "ఏం లేదు, ఇంటికెళ్ళండి" అంటే షుక్ర్ చేసి ఫీజు ఇచ్చి వస్తాం. మెకానిక్ అదే మాటంటే, "చూసినందుకు కూడా పైసలా?" అంటాం. తష్‌ఖీస్‌కి ఉజ్రత్ లేనప్పుడు అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? సామాన్లు మార్చే వెలగాలి. మెకానిక్‌లందరూ దగాబాజులని తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ షెడ్లలో ఉన్నది ఎక్కువగా మన పిల్లలే. చదువు ఆగిపోయి శాగిర్దులుగా చేరినవాళ్ళే. నింపాదిగా వెతికితే కూలి దక్కదని వాళ్ళకి నేర్పింది మన బేరాలే.

"చూసినందుకూ తీసుకుని, సామానూ మార్చేస్తే?" అని ఒక దోస్త్ అడిగాడు. వాజిబైన సవాలే. అందుకే ఉజ్రత్‌తో పాటు మనకి కొంచెం ఇల్మ్ కూడా కావాలి. తాళం తిప్పినప్పుడు ఒక్క "టక్" వినిపించి లైట్లు మసకబారితే ముందు బ్యాటరీ, దాని క్లిప్పులు చూడాలి. లైట్లు కాంతిగా ఉండి, ఇంజన్ అసలు కదలకపోతే సెల్ఫ్ మీదా, దానికి వెళ్ళే వైర్ల మీదా షక్ పడొచ్చు. ఇంజన్ గిరగిరా తిరుగుతూనే అంటుకోకపోతే సెల్ఫ్‌ని అనడం జుల్మ్. అప్పుడు పెట్రోల్, స్పార్క్ చూడాలి. ఇంజెక్షన్ బండి అయితే తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు రెండు సెకన్లు పంపు సన్నగా గుయ్యిమంటుంది. అది వినబడకపోతే ముందు ఫ్యూజు చూడాలి. క్లిప్పులు మీరే విప్పితే ఎర్త్ ముందు తీయండి, చివర్లో బిగించండి. దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. బ్యాటరీ నుంచి మండే గ్యాస్ వస్తుంది. ఇవి కొడుకులకే కాదు, బండి నడిపే బేటీలకీ నేర్పాలి.

అంతకన్నా ముఖ్యం, ఏదైనా మార్చాలంటే "ఎలా తెలిసింది భాయ్? చూపించు" అని అదబ్‌తో అడగడం. తెలిసినవాడు ఖుషీగా చూపిస్తాడు.

చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాళ్ళం. బుర్ర పెట్టి వెతికినవాడి మెహనత్ కూడా మెహనత్ కాదా? ఆ రోజు ఉస్తాద్ జేబులో జబర్దస్తీగా మూడు వందలు పెట్టాను. సిగ్గుపడుతూ తీసుకున్నాడు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు.

ఈసారి మీ బండి మొరాయిస్తే, రేటు అడిగే ముందు ఒక్క మాట చెప్పి చూడండి: "సామాను పడినా పడకపోయినా, చూసినందుకు ఇంత ఇస్తాను. ముందు బానెట్ ఎత్తు భాయ్."