అసబ్ రేవు, బద్మె గీత

ఎర్ర సముద్రపు దక్షిణ కొసన, ఎరిట్రియాలో ఉన్న అసబ్ రేవు ఇథియోపియా సరిహద్దుకు దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1998 వరకు ఇథియోపియా ఎగుమతి దిగుమతుల్లో అధిక భాగం ఈ రేవు మీదుగానే సాగేది. ఆ ఏడాది ఎరిట్రియాతో యుద్ధం మొదలవడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ రేవు పేరు మీదే రెండు దేశాల సరిహద్దుల్లో బలగాల మోహరింపు సాగుతోంది. ఇథియోపియా జనాభా 12 కోట్లకు పైనే గానీ సముద్రతీరం లేదు. ఎరిట్రియా జనాభా అరకోటికి లోపే అయినా వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. రేవును వాడుకోవడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. ఈ తేడాను ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా చెరిపేస్తోంది. వాడుకునే దారిని కూడా ఎరిట్రియా రాజధాని అస్మరా మూసి ఉంచుతోంది. ఉద్రిక్తత ఈ రెండింటి నడుమే పెరుగుతోంది.

ఈ తగాదా మూలాలు వలస పాలనలో ఉన్నాయి. 1869లో ఒక ఇటలీ నౌకా వ్యాపార సంస్థ అసబ్‌లో కొంత భూమి కొన్నది. 1890 నాటికి ఆ ప్రాంతమంతా ఎరిట్రియా పేరుతో ఇటలీ వలస రాజ్యమైంది. 1896లో అడువా యుద్ధంలో ఇథియోపియా సేనలు ఇటలీని ఓడించినా తీరం మాత్రం ఇటలీ చేతుల్లోనే మిగిలింది. 1900, 1902, 1908 ఒప్పందాలు సరిహద్దును కాగితం మీద నిర్ణయించాయి గానీ నేల మీద హద్దురాళ్లు పాతలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఓడాక ఎరిట్రియా కొంతకాలం బ్రిటిష్ పాలనలో ఉంది. ఐక్యరాజ్యసమితి తీర్మానం ప్రకారం 1952లో స్వయంప్రతిపత్తితో ఇథియోపియాతో సమాఖ్యగా కలిసింది. పదేళ్లకు హైలే సెలాసీ చక్రవర్తి ఆ స్వయంప్రతిపత్తిని రద్దు చేసి ఎరిట్రియాను ఒక రాష్ట్రంగా కలిపేసుకున్నాడు. అప్పటికే, 1961లో, సాయుధ పోరాటం మొదలైంది. అది ముప్పై ఏళ్లు నడిచింది. 1991 మే నెలలో ఎరిట్రియా తిరుగుబాటు సేనలు అస్మరాలో ప్రవేశించాయి. 1993 రెఫరెండంలో 99 శాతానికి పైగా ప్రజలు స్వాతంత్ర్యాన్ని కోరారు. ముప్పై ఏళ్లు నెత్తురోడ్చి తెచ్చుకున్న నేల కాబట్టే తీరం గురించి బయటివారు ఒక్క మాటన్నా అక్కడి జనం ఉలిక్కిపడతారు.

విడిపోయిన మొదటి రోజుల్లో రెండు ప్రభుత్వాలూ స్నేహంగానే ఉన్నాయి. ఎరిట్రియా నేత ఇసయాస్ అఫ్‌వెర్కి, ఇథియోపియా నేత మెలెస్ జెనావి ఉమ్మడి శత్రువైన అప్పటి ఇథియోపియా ప్రభుత్వంపై కలిసి పోరాడినవారే. అసబ్ రేవును ఇథియోపియా యథావిధిగా వాడుకుంది. అయితే 1997లో ఎరిట్రియా నక్ఫా పేరుతో సొంత కరెన్సీని తెచ్చాక వాణిజ్యంలో పేచీ మొదలైంది. 1998 మే నెలలో సరిహద్దులోని బద్మె అనే చిన్న ఊరి దగ్గర జరిగిన కాల్పులు పూర్తిస్థాయి యుద్ధంగా మారాయి. కందకాలు తవ్వుకుని, ఎదురు తుపాకుల మీదికి వేలాది యువకులను ఉరికించిన యుద్ధమది. రెండేళ్లలో 70 వేల నుంచి లక్ష మంది చనిపోయారని అంచనా. అవతలి దేశానికి చెందినవారన్న పేరుతో ఇరు దేశాలూ వేలాది కుటుంబాలను వెళ్లగొట్టాయి.

2000 డిసెంబర్‌లో అల్జీర్స్ ఒప్పందం కుదిరింది. సరిహద్దు తేల్చేందుకు ఒక కమిషన్, నష్టపరిహారం తేల్చేందుకు మరొకటి ఏర్పడ్డాయి. రెండింటి తీర్పులకూ కట్టుబడతామని ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి. 2002 ఏప్రిల్‌లో సరిహద్దు కమిషన్ బద్మె ఎరిట్రియాదేనని తేల్చింది. 2005లో నష్టపరిహారాల కమిషన్, 1998లో బద్మెపై దాడికి దిగిన ఎరిట్రియా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించిందని చెప్పింది. తప్పు ఏ ఒక్కరిదో కాదని ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇథియోపియా మాత్రం బద్మెను వదలలేదు. మధ్యలో నిలిచిన ఐరాస శాంతి దళంలో భారత సైనికులు కూడా పనిచేశారు. ఎరిట్రియా విధించిన ఆంక్షల వల్ల ఆ దళం 2008లో వైదొలగింది. యుద్ధమూ లేదు, శాంతీ లేదు. ఆ స్థితి పద్దెనిమిదేళ్లు సాగింది. అది సాకుగా ఇసయాస్ ప్రభుత్వం 1997లో ఆమోదించిన రాజ్యాంగాన్ని అమలు చేయలేదు, జాతీయ ఎన్నికలు జరపలేదు. 18 నెలలుగా మొదలైన నిర్బంధ సైనిక సేవకు గడువే లేకుండా పోయింది. దాన్ని తప్పించుకోవడానికి లక్షలాది యువత దేశం విడిచిపోయింది.

2018లో ఇథియోపియా ప్రధాని అయిన అబీ అహ్మద్ 2002 సరిహద్దు తీర్పును అంగీకరిస్తున్నట్టు ప్రకటించారు. జూలైలో అస్మరా వెళ్లి యుద్ధస్థితి ముగిసిందన్న ప్రకటనపై సంతకం చేశారు. సెప్టెంబర్ 11న జలాంబెస్సా దగ్గర సరిహద్దు తెరుచుకుంది. ఇరవై ఏళ్లుగా చూసుకోని తల్లులు, బిడ్డలు రోడ్డు మీదే కౌగిలించుకుని ఏడ్చారు. మరుసటి ఏడాది అబీకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కానీ అప్పటికే సరిహద్దు ద్వారాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. సుంకాలపై, రేవుల వాడకంపై, హద్దురాళ్లపై రాతపూర్వకమైన ఏర్పాటేదీ జరగలేదు. ఇద్దరు నేతల మధ్య కుదిరిన చెలిమి రెండు దేశాల మధ్య శాంతిగా మారలేదు.

ఆ చెలిమి 2020 నవంబర్‌లో టిగ్రే యుద్ధానికి తోడైంది. ఇథియోపియా ఉత్తర రాష్ట్రమైన టిగ్రేలోని పాలక పక్షం టీపీఎల్ఎఫ్‌పై అబీ సైన్యాన్ని పంపితే, ఎరిట్రియా బలగాలు కూడా ఆ పోరులో దిగాయి. టిగ్రేలోని అక్సుమ్ పట్టణంలో ఎరిట్రియా సైనికులు వందలాది పౌరులను చంపారని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. రెండేళ్ల ఆ యుద్ధంలో మృతుల సంఖ్య ఆరు లక్షల దాకా ఉండవచ్చని ఆఫ్రికా యూనియన్ మధ్యవర్తి ఒబసాంజో చెప్పారు. 2022 నవంబర్ 2న ప్రిటోరియాలో ఇథియోపియా ప్రభుత్వం, టీపీఎల్ఎఫ్ ఒప్పందం చేసుకున్నాయి. ఎరిట్రియా అందులో భాగస్వామి కాదు. టిగ్రే సరిహద్దులోని కొన్ని ప్రాంతాల నుంచి ఆ దేశ సైనికులు పూర్తిగా కదలలేదు. తనతో కలిసి పోరాడి, తనను పక్కనపెట్టి రాజీ పడ్డారన్న అనుమానం అస్మరాలో నాటుకుంది.

2023 అక్టోబర్‌లో అబీ, ఎర్ర సముద్రంలోకి దారి ఇథియోపియా మనుగడకు సంబంధించిన విషయమని టీవీ ప్రసంగంలో ప్రకటించారు. బలప్రయోగం తమ ఉద్దేశం కాదని ఆయన పలుమార్లు చెప్పారు. అయినా అసబ్‌ను పోగొట్టుకోవడం చారిత్రక తప్పిదమన్న మాట అధికార వర్గాల్లో మామూలైంది. ఆ దేశ వాణిజ్యంలో 90 శాతానికి పైగా జిబూటి రేవు మీదే ఆధారపడి ఉంది, దానికి రుసుములు భారీగా కట్టాలి. ఈ బాధ నిజమైనదే. సోమాలియా నుంచి విడిపోయామంటున్న సోమాలిలాండ్‌తో తీరం కోసం ఇథియోపియా 2024 జనవరిలో కుదుర్చుకున్న అవగాహన సోమాలియాకు ఆగ్రహం తెప్పించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఎరిట్రియా, సోమాలియా, ఈజిప్టు నేతలు అస్మరాలో సమావేశమయ్యారు. నైలు నదిపై ఇథియోపియా కట్టిన ఆనకట్టతో ఈజిప్టుకు ఉన్న పేచీ అలా ఈ తగాదాతో ముడిపడింది. టీపీఎల్ఎఫ్ రెండుగా చీలగా, 2025లో ఒక వర్గం నిన్నటి శత్రువు ఎరిట్రియాకు దగ్గరైంది. ఆ రెండూ కలిసి యుద్ధానికి సిద్ధమవుతున్నాయని ఇథియోపియా విదేశాంగ మంత్రి అక్టోబర్‌లో ఐరాసకు లేఖ రాశారు. ఎరిట్రియా ఆ ఆరోపణను తోసిపుచ్చింది. డిసెంబర్‌లో ప్రాంతీయ కూటమి ఇగాడ్ నుంచి తప్పుకుంది.

మళ్లీ యుద్ధం వస్తే మొదట కాలేది టిగ్రే. గత యుద్ధంలో ఇళ్లు విడిచిన లక్షల మంది ఇప్పటికీ శిబిరాల్లోనే ఉన్నారు. తర్వాత నలిగేది సరిహద్దుకు రెండువైపులా ఉన్న అఫర్, ఇరోబ్, కునామా ప్రజలు. టిగ్రిన్యా భాష మాట్లాడేవారు కూడా రెండువైపులా ఉన్నారు. యుద్ధం వస్తే ఒకే భాష మాట్లాడే యువకులు ఎదురెదురు కందకాల్లో ఉంటారు. పక్కనే సూడాన్ అంతర్యుద్ధంలో మండుతోంది. ఈ రెండు మంటలూ కలిస్తే ఎర్ర సముద్రపు నౌకా మార్గం కూడా ప్రమాదంలో పడుతుంది.

స్వాతంత్ర్యం నాటికి ఉన్న హద్దులను గౌరవించాలని ఆఫ్రికా దేశాలు 1964లోనే కైరోలో తీర్మానించాయి. జనాభా ఎక్కువనో, అవసరం ఎక్కువనో పొరుగు దేశపు తీరాన్ని కోరే హక్కు ఎవరికీ లేదు. అదే సమయంలో, తీరం లేని దేశాలకు సముద్రానికి చేరే దారి, సరుకు రవాణా స్వేచ్ఛ ఉండాలని అంతర్జాతీయ సముద్ర చట్టం చెబుతోంది. వివరాలను మాత్రం ఇరు దేశాల ఒప్పందానికి వదిలింది. ఉగాండా సరుకు కెన్యాలోని మొంబాసా రేవు నుంచి వెళుతోంది. నేపాల్‌కు సరుకు కోల్‌కతా, విశాఖపట్నం రేవుల్లో దిగి రైళ్లలో చేరుతోంది. విశాఖ నేపాల్‌ది కాదు, కావాల్సిన అవసరమూ రాలేదు.

అసబ్‌కు కూడా ఇదే దారి. సొంతం మాట మానుకుని, ఎరిట్రియా సార్వభౌమత్వాన్ని ఇథియోపియా నిస్సందేహంగా గుర్తించాలి. న్యాయమైన రుసుముపై దీర్ఘకాలం రేవు వాడుకునే ఒప్పందానికి ఎరిట్రియా సిద్ధపడాలి, టిగ్రే నేల నుంచి పూర్తిగా వైదొలగాలి. 2002 తీర్పు ప్రకారం, సరిహద్దు గ్రామాల వారిని సంప్రదించి, హద్దురాళ్లు పాతాలి. ఆఫ్రికా యూనియన్ ప్రధాన కార్యాలయం అడిస్ అబాబాలోనే ఉంది. యుద్ధం మొదలయ్యాక మధ్యవర్తిని వెతకడం కాకుండా, అస్మరాకు కూడా నమ్మకం కలిగే మధ్యవర్తిని ఆ సంస్థ ఇప్పుడే పంపాలి. 2018లో రాయకుండా వదిలేసిన సుంకాలు, రేవు, సరిహద్దు నిబంధనలను ఈసారి కాగితం మీద పెట్టించాలి.